'షాలో హాల్' సినిమాలో ఎవరెవరు చేశారు, ఇప్పుడు దాన్ని ఎలా చూడాలి?

మీరు అడిగింది ఇదీ: 2001లో వచ్చిన హాలీవుడ్ రొమాంటిక్ కామెడీ 'షాలో హాల్'ని ఎప్పుడో టీవీలో చూసి బాగా నవ్వుకున్నారు. ఇప్పుడేమో చాలామంది అది లావుగా ఉన్నవాళ్లని ఎగతాళి చేసే సినిమా అంటున్నారు. అందులో ఎవరెవరు నటించారు, తర్వాత వాళ్లు ఏమయ్యారు, పదిహేనేళ్ల మీ అమ్మాయితో కలిసి ఇప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు, కానీ కలిసే చూడండి. అమ్మాయిని ఒంటరిగా చూడమని వదిలేయొద్దు. రూపాన్ని బట్టి మనిషిని కొలవొద్దని చెప్పడానికి తీసిన సినిమా ఇది. ఇందులో ఎవరిని ఉన్నది ఉన్నట్టు చూపించారో అక్కడ గెలిచింది. ఎవరికి వేషం తొడిగారో, ఎవరి ముఖం దాచారో అక్కడ ఓడిపోయింది. ఆ తేడా కథలో కంటే తారాగణంలో బాగా తెలుస్తుంది. నటీనటుల ఎంపిక గురించీ, మేకప్ గురించీ చాలాకాలంగా చదువుతూ రాస్తూ ఉన్నాను కాబట్టి అటువైపు నుంచే చెప్తాను.

కథ గుర్తులేకపోతే క్లుప్తంగా ఇదీ. హాల్ లార్సన్ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు తండ్రి చావుబతుకుల్లో ఉంటాడు. ఆయన పాస్టర్. మార్ఫిన్ మత్తులో కొడుకుని దగ్గరికి పిలిచి, మామూలుగా కనిపించే అమ్మాయితో ఎప్పుడూ సరిపెట్టుకోవద్దని చెప్పి కన్నుమూస్తాడు. పిల్లాడు ఆ మాటనే పట్టుకుని పెద్దవాడవుతాడు. ఒకరోజు వ్యక్తిత్వ వికాస గురువు టోనీ రాబిన్స్‌తో కలిసి లిఫ్టులో ఇరుక్కుపోతే, ఆయన హాల్‌ని హిప్నటైజ్ చేసి, ఇకనుంచి మనుషుల్లో లోపలి అందమే కళ్లకి కనిపించేలా చేస్తాడు. ఆ తర్వాత పరిచయమైన రోజ్‌మరీ అతని కళ్లకి సన్నగా, నాజూగ్గా కనిపిస్తుంది. మిగతా లోకానికి ఆమె 300 పౌండ్ల, అంటే దాదాపు 136 కిలోల అమ్మాయి. హాల్ ప్రేమలో పడతాడు. స్నేహితుడు మారిసియో ఇది చూడలేక హిప్నోసిస్‌ని విరగ్గొడతాడు. అప్పుడు హాల్ ఏం చేస్తాడన్నదే మిగతా సినిమా.

తీసింది పీటర్, బాబీ ఫారెల్లీ అన్నదమ్ములు. రచనలో వాళ్లతో పాటు సీన్ మోయినహాన్ ఉన్నాడు. 1994లో 'డంబ్ అండ్ డంబర్', 1998లో 'దేర్ ఈజ్ సమ్‌థింగ్ అబౌట్ మేరీ' తీసి, ఎక్కడా మొహమాటపడని కామెడీకి అప్పటికే పేరు పడ్డారు. ఆ మొరటు జోకుల వెనక వాళ్లకి ఇంకో అలవాటు ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వైకల్యం ఉన్నవాళ్లని తమ సినిమాల్లోకి పిలిచి, జాలి కోసం కాకుండా మామూలు మనుషులుగా పాత్రలిస్తారు. ఈ సినిమాలో ఆ అలవాటు ఎంత మేలు చేసిందో కాసేపట్లో చెప్తాను.

ముందు హాల్. జాక్ బ్లాక్ అంతకు ముందు ఏడాది, 2000లో, 'హై ఫిడెలిటీ'లో రికార్డుల షాపు కుర్రాడిగా అందరి దృష్టిలో పడ్డాడు. పెద్ద స్టూడియో సినిమాకి హీరోగా నిలబడింది మాత్రం ఇక్కడే. 2003లో 'స్కూల్ ఆఫ్ రాక్' వచ్చాక ఆయన స్థాయి వేరు, 2008 నుంచి 'కుంగ్ ఫూ పాండా' గొంతుగా పిల్లలందరికీ తెలుసు. హాల్‌గా ఆయన చేసిన మేలు ఏమిటంటే, ఆ పాత్రని అసహ్యించుకోకుండా కాపాడాడు. కాగితం మీద హాల్ చాలా చెడ్డగా ఉంటాడు. తెర మీద మాత్రం తండ్రి మాట గుడ్డిగా నమ్మిన పిల్లాడిలా కనిపిస్తాడు, ఎందుకంటే బ్లాక్ కళ్లల్లో ఆ పిల్లతనం ఉంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా అడగాలి. హాల్ కూడా సన్నటివాడు కాదు, కండలు తిరిగినవాడు కాదు. నీకేముందని అందగత్తెలే కావాలంటున్నావని సినిమా ఒకట్రెండు చోట్ల అతన్ని ఆటపట్టిస్తుంది, అంతే. రోజ్‌మరీ విషయంలో ఉన్నట్టు, కూర్చుంటే కుర్చీ విరిగే జోకు అతని మీద లేదు. లావు అన్నది ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికే కథ అయింది, సమస్య అయింది. మీ అమ్మాయి ఇది తనంతట తానే గమనిస్తే సంతోషించండి. గమనించకపోతే మీరే అడగండి.

రోజ్‌మరీగా గ్వినెత్ పాల్ట్రో. 1999లో 'షేక్‌స్పియర్ ఇన్ లవ్'కి ఉత్తమ నటి ఆస్కార్ తీసుకున్న తార. అలాంటి తారని తెచ్చి ఫారెల్లీల కామెడీలో పెట్టడం అప్పట్లో పెద్ద వార్త. సినిమాలో ఎక్కువసేపు ఆమె తన సహజ రూపంలోనే కనిపిస్తుంది, ఎందుకంటే మనం చూస్తున్నది హాల్ కళ్లతో. నటిగా ఆమెకి ఇక్కడ చాలా కష్టమైన పని పడింది. సన్నటి ఒంటితో ఉంటూనే, జీవితమంతా అందరూ తప్పించుకుని తిరిగిన మనిషిలా ప్రవర్తించాలి. ఎవరైనా అందంగా ఉన్నావంటే, తనని ఆటపట్టిస్తున్నారేమోనని ముందు అనుమానపడాలి. హాల్ మొదటిసారి పొగిడినప్పుడు ఆమె ముఖంలో కోపం, ఆశ ఒకేసారి కదులుతాయి. ఆ నటన బావుంది, ఎవరేమన్నా నేను ఆ మాట వెనక్కి తీసుకోను.

అయితే కొన్ని సన్నివేశాల కోసం ఆమె ఫ్యాట్ సూట్ తొడుక్కుంది. అంటే లావుగా కనిపించడానికి ఒంటికి తగిలించే కృత్రిమ శరీరం, ముఖానికి ప్రొస్థెటిక్ మేకప్. చేసినవాడు టోనీ గార్డ్‌నర్, ఆ రంగంలో గొప్ప పనివాడు. సూట్ బరువు సుమారు 11 కిలోలు. అది వేసుకుని మొదటిరోజు న్యూయార్క్‌లో ఒక హోటల్ లాబీలో నడిచానని, ఒక్కరూ తన కళ్లలోకి చూడలేదని, చాలా బాధేసిందని పాల్ట్రో అప్పట్లోనే చెప్పింది. ఆ మాటల్లో నిజాయితీ ఉంది. కానీ అదే మాట రోజూ అలా నడిచే మనిషి నోట వినడానికీ, సాయంత్రానికి సూట్ విప్పేసే తార నోట వినడానికీ చాలా తేడా ఉంది. 2020లో ఒక వీడియోలో పాల్ట్రో తన పాత్రల్లో తనకి నచ్చనిదిగా ఈ సినిమానే ఒప్పుకుంది.

ఇక్కడ మీరు బహుశా విననే వినని పేరు ఒకటి చెప్పాలి. ఐవీ స్నిట్జర్. లావుగా ఉన్న రోజ్‌మరీని వెనక నుంచో, పక్క నుంచో చూపించినప్పుడు, చేతులో కాళ్లో దగ్గరగా చూపించినప్పుడు తెర మీద ఉన్నది ఆమె. అప్పుడు ఆమెకి ఇరవై ఏళ్లు, నటన నేర్చుకుంటున్న అమ్మాయి. బాడీ డబుల్‌గా తీసుకున్నారు. ముఖం కనపడదు, మాటలు లేవు. కథకి ఆధారమైన శరీరం ఆమెది, ఆ పాత్ర పేరు, పారితోషికం, పోస్టర్ మీది ముఖం అన్నీ వేరొకరివి.

స్నిట్జర్ 2023లో బ్రిటన్ పత్రిక 'ది గార్డియన్'తో మాట్లాడింది. ఆ ఇంటర్వ్యూ నాకు ఈ సినిమా గురించి దొరికిన అన్ని విమర్శల కంటే విలువైనది. ఆమె ఎవరినీ తిట్టలేదు. సెట్లో తనని బాగా చూసుకున్నారని, అక్కడ తనకీ విలువ ఉందనిపించిందని చెప్పింది. లావుగా ఉన్న అమ్మాయిని తెలివైనదిగా, స్నేహితులున్న మనిషిగా చూపించడం తనకి నచ్చిందని కూడా చెప్పింది. అప్పట్లో తెర మీద లావుగా ఉన్నవాళ్లంటే విలన్లో, వెక్కిరింపుకి గురయ్యేవాళ్లో కదా. కష్టం సినిమా విడుదలయ్యాక మొదలైంది. ఇన్ని లక్షలమంది చూస్తారని ఆమె ఊహించలేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి ఆమె శరీరం గురించి మాట్లాడటం, లావుని ప్రోత్సహిస్తున్నావని నిందించడం, బరువు తగ్గే మాత్రలు పోస్టులో పంపడం జరిగింది. తర్వాత ఆహారం విషయంలో తీవ్రమైన రుగ్మతలోకి జారింది. 2003లో కడుపు చుట్టూ బ్యాండ్ వేసే శస్త్రచికిత్స చేయించుకుంటే, ఆ బ్యాండ్ జారి పరిస్థితి విషమించింది. ఒక దశలో ద్రవాలు తప్ప ఏమీ దిగక, ఆకలితో చచ్చిపోయేంత దాకా వెళ్లానని ఆమే చెప్పింది. తర్వాత కోలుకుంది, నటనకి దూరమై ఇన్సూరెన్స్ వ్యాపారం నడుపుకుంటోంది. దీనంతటికీ సినిమానే కారణమని ఆమె అనలేదు, తన శరీరం మీద అసహ్యం అంతకు ముందే ఉందంది. కాబట్టి ఇంటర్నెట్‌లో కొందరు రాసినట్టు సినిమా ఆమె జీవితాన్ని నాశనం చేసిందని మనం కూడా రాయకూడదు. ఆమె మాటని ఆమె చెప్పినట్టే వినాలి. వింటే మాత్రం ఒక ప్రశ్న మిగులుతుంది: ముఖం కూడా ఆమెదే అయివుంటే, ఆ పాత్ర కూడా ఆమెకే ఇచ్చివుంటే, జనం ఆమె శరీరం గురించి కాకుండా ఆమె నటన గురించి మాట్లాడేవాళ్లు కాదా?

ఈ ప్రశ్న గాలిలోంచి తెచ్చింది కాదు. ఇదే సినిమాలో దానికి జవాబు ఉంది, ఆ జవాబు పేరు రెనె కర్బీ.

వాల్ట్ పాత్ర గుర్తుందా? రోజ్‌మరీ స్నేహితుడు, చేతులూ కాళ్లూ నేలకి ఆనించి నడిచే మనిషి. ఆ నడక నటన కాదు, గ్రాఫిక్స్ కాదు. వర్మాంట్ రాష్ట్రానికి చెందిన కర్బీకి పుట్టుకతో స్పైనా బైఫిడా ఉంది, అంటే తల్లి కడుపులోనే వెన్నెముక సరిగ్గా మూసుకోకపోవడం. చిన్నప్పటి నుంచి అలాగే నడిచాడు. అలాగే జిమ్నాస్టిక్స్ చేశాడు, మంచులో స్కీయింగ్ చేశాడు. సినిమాలో వాల్ట్ హుషారైనవాడు, సరదా మనిషి, తన మీద తనకి గట్టి నమ్మకం ఉన్నవాడు. అతన్ని చూసి ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు, అతను ఎవరికీ పాఠం చెప్పడు. అతని మాటలకి నవ్వుతాం, అతన్ని చూసి కాదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. హిప్నోసిస్‌లో ఉన్న హాల్ కళ్లకి మంచిమనసున్న ఆడవాళ్లంతా మోడళ్లలా కనిపిస్తారు కదా, వాల్ట్ మాత్రం వాల్ట్‌లాగే కనిపిస్తాడు. దర్శకులు అతన్ని నిటారుగా నిలబడి నడిచే అందగాడిగా మార్చలేదు. అలా మార్చివుంటే అది ఎంత ఘోరంగా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. మనకి వెంటనే తెలిసిపోయేది, ఈ మనిషిని అవమానిస్తున్నారని. మరి రోజ్‌మరీని మార్చినప్పుడు ఎందుకు తెలియలేదు? 2001లో ప్రేక్షకులకే కాదు, ఇంత మంచి ఉద్దేశంతో సినిమా తీసినవాళ్లకి కూడా తెలియలేదు. ఈ సినిమా గురించి నేను పదేపదే ఆలోచించేది ఇక్కడే. కర్బీ తర్వాత ఫారెల్లీలే 2003లో తీసిన 'స్టక్ ఆన్ యూ'లోనూ, 'కార్నివాల్' అనే టీవీ సిరీస్‌లోనూ చేశాడు. 2025 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. సంతాప వార్తల్లో అతన్ని వాల్ట్‌గానే గుర్తుచేసుకున్నారు.

మిగతావాళ్ల గురించి త్వరగా చెప్పేస్తాను. మారిసియోగా చేసిన జేసన్ అలెగ్జాండర్ 'సైన్‌ఫెల్డ్' సీరియల్‌లో జార్జ్‌గా 1989 నుంచి 1998 దాకా అమెరికాలో ఇంటింటికీ తెలిసినవాడు. కాలి బొటనవేలు కంటే పక్కవేలు పొడుగ్గా ఉందని ఒక అమ్మాయిని వదిలేసే పాత్ర. చివర్లో తనకే వెన్ను కింద చిన్న తోక ఉందని, అది ఎవరైనా చూస్తారేమోననే భయంతోనే అందరినీ దూరం పెడుతున్నానని ఒప్పుకుంటాడు. ఇతరుల రూపంలో తప్పులు వెతికేవాడి లోపల ఏ భయం ఉంటుందో చెప్పిన ఆ చిన్న సన్నివేశం, సినిమా ప్రధాన కథ కంటే సూటిగా తగులుతుంది. రోజ్‌మరీ తండ్రి, హాల్ పనిచేసే కంపెనీ యజమాని స్టీవ్ షానహాన్‌గా జో విటరెల్లి. 'ఎనలైజ్ దిస్'లో మాఫియా అనుచరుడిగా గుర్తుండిపోయిన ఆ ముఖానికి ఇక్కడ ఐరిష్ యాస పెట్టారు. 2004లో చనిపోయాడు. టోనీ రాబిన్స్ తన పేరుతోనే, తన వృత్తిలోనే కనిపిస్తాడు.

ఇక అసలు తప్పు ఎక్కడుందో చూద్దాం. లోపలి అందాన్ని చూపించాలంటే సినిమాకి ఏదో ఒక రూపం కావాలి, ఎందుకంటే కెమెరా మనసుని తీయలేదు. ఆ రూపంగా ఫారెల్లీలు ఎంచుకున్నది సన్నటి నడుము. మంచి మనసు అంటే సన్నటి ఒళ్లు, చెడ్డ మనసు అంటే వికారమైన ముఖం. బయటి అందం ముఖ్యం కాదని చెప్పడానికి బయటి అందాన్నే బహుమతిగా వాడుకున్నారు. పైగా హాల్ కళ్లకి రోజ్‌మరీ సన్నగా కనిపించినా, ఆమె బరువు మాత్రం అలాగే ఉంటుంది. కూర్చుంటే కుర్చీ విరుగుతుంది, పడవ ఒకవైపుకి లేస్తుంది, ఈతకొలనులో దూకితే నీళ్లు ఎగిసి ఒక పిల్లాడు చెట్టు మీద పడతాడు. ఈ జోకుల్లో వెర్రివాడయ్యేది హాల్ అని దర్శకుల ఉద్దేశం. థియేటర్లో నవ్వు మాత్రం బరువు మీదకే వెళ్తుంది. మీరు టీవీలో చూసి నవ్వింది కూడా బహుశా వీటికే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నవ్వేలాగే తీశారు.

ఆస్పత్రి సన్నివేశానికి వచ్చేసరికి సినిమా తన తప్పు దాటి పైకి లేస్తుంది. హిప్నోసిస్‌లో ఉన్నప్పుడు పిల్లల వార్డులో హాల్‌కి ముద్దుగా కనిపించిన కేడెన్స్ అనే పాప, మామూలు కళ్లతో చూసేసరికి ముఖమంతా కాలిన గాయాలతో ఉంటుంది. ఆ పాప హాల్‌ని గుర్తుపట్టి పలకరిస్తుంది. అతనికి అప్పుడు అర్థమవుతుంది. జాక్ బ్లాక్ అక్కడ ఏమీ చేయడు, కొన్ని క్షణాలు తేరిపార చూసి పాపని దగ్గరికి తీసుకుంటాడు. ఎవరి రూపాన్నీ మార్చకుండా, చూసేవాడిని మార్చారు ఇక్కడ. సినిమా అంతా ఇలా ఉండివుంటే ఈ రోజు మనం ఈ చర్చే పెట్టుకునేవాళ్లం కాదు.

ముగింపు కూడా నాకిష్టమే. పీస్ కోర్ అనే అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున కిరిబాటి దీవులకి వెళ్లబోతున్న రోజ్‌మరీ దగ్గరికి హాల్ క్షమాపణ అడగడానికి వస్తాడు. పెళ్లికూతురిని ఎత్తుకున్నట్టు ఎత్తబోతాడు, వల్ల కాదు. ఆమే అతన్ని అవలీలగా ఎత్తుకుని కారులో కూర్చోబెడుతుంది. సినిమా మొత్తంలో ఆమె ఒంటిని బలంగా చూపించిన చోటు అదొక్కటే. అక్కడ కూడా లోపలున్నది సూట్ తొడుక్కున్న పాల్ట్రో కావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక ఈ సినిమా ఏం మిగిల్చిందంటే. డబ్బు పరంగా విజయమే, సుమారు 4 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 14 కోట్ల డాలర్ల దాకా వచ్చింది. విమర్శకుల్లో రోజర్ ఈబర్ట్ నాలుగింటికి మూడు నక్షత్రాలు ఇచ్చాడు. అప్పట్లో ఫ్యాట్ సూట్‌ని ఎవరూ పెద్దగా తప్పుపట్టేవాళ్లు కాదు. 1996 నాటి ఎడ్డీ మర్ఫీ సినిమా 'ది నట్టీ ప్రొఫెసర్' మేకప్‌కి ఆస్కారే వచ్చింది. 'ఫ్రెండ్స్' సీరియల్‌లో ఫ్యాట్ సూట్ తొడిగి చూపించిన ఒకప్పటి లావు మోనికాని చూసి జనం పడీపడీ నవ్వారు. కాబట్టి నేరమంతా ఒక్క 'షాలో హాల్' మీదే వేయడం న్యాయం కాదు. ఆ కాలపు సినిమాల్లో లావు మనిషిని కనీసం ప్రేమించదగ్గ మనిషిగా రాసినవాటిలో ఇదొకటి.

ఆ చర్చ ఇంకా ముగియలేదు. 2022లో వచ్చిన 'ది వేల్'లో బ్రెండన్ ఫ్రేజర్ భారీ ప్రొస్థెటిక్స్‌తో నటించి ఉత్తమ నటుడి ఆస్కార్ గెలిచాడు, మేకప్‌కీ వచ్చింది. నిజంగా అంత బరువున్న నటుడికి ఆ పాత్ర ఎందుకివ్వలేదన్న ప్రశ్న అప్పుడూ గట్టిగానే లేచింది. మన తెలుగులో 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క సూట్ మీద ఆధారపడకుండా నిజంగానే బరువు పెరిగారు. ఆ సినిమా ఎలా ఉందన్నది వేరే మాట, ఆ నిర్ణయానికి మాత్రం గౌరవం ఇవ్వాలి.

'షాలో హాల్' తప్పుని అందరికంటే బాగా అర్థం చేసుకుని తీసిన సినిమా నా దృష్టిలో 2018లో వచ్చిన 'ఐ ఫీల్ ప్రెటీ'. నటి ఎమీ షూమర్ చేసిన పాత్ర తలకి దెబ్బ తగిలి లేచి, తను మహా అందగత్తెనైపోయానని నమ్ముతుంది. ఆమె అద్దంలో ఏం చూస్తోందో సినిమా మనకి ఒక్కసారి కూడా చూపించదు. మనకి మొదటినుంచి చివరిదాకా కనిపించేది షూమర్ మాత్రమే, ఆమె నడకలో వచ్చిన ధీమా మాత్రమే. ఆ సినిమా మీదా విమర్శలున్నాయి, కామెడీగా కొన్నిచోట్ల చప్పగా ఉంటుంది కూడా. కానీ ఇరవై ఏళ్ల కిందట ఫారెల్లీలకి కావాల్సిన పరిష్కారం అదే.

కాబట్టి మీ అమ్మాయితో ముందు 'షాలో హాల్' చూడండి. అమెరికాలో దానికి పీజీ-13 సర్టిఫికెట్ ఇచ్చారు, పదిహేనేళ్ల పిల్లకి కొన్ని మొరటు జోకులు తప్ప ఇబ్బంది ఏమీ ఉండదు. ఒకవేళ తను బరువు విషయంలోనో, రంగు విషయంలోనో ఇప్పటికే బడిలో మాటలు పడుతుంటే మాత్రం ఇప్పుడే వద్దు, ఈతకొలను జోకు గుచ్చుకుంటుంది. లేకపోతే కుర్చీ విరిగే సన్నివేశం దగ్గర ఆపి మనం నవ్వుతున్నది ఎవరిని చూసి అని అడగండి. తను చెప్పే జవాబు సరిదిద్దకండి. సినిమా అయ్యాక ఐవీ స్నిట్జర్ గురించి చెప్పండి, తెర మీద ఆమె ఎక్కడెక్కడ ఉందో వెనక్కి తిప్పి వెతకండి. వేరే రోజు 'ఐ ఫీల్ ప్రెటీ' చూడండి. ఈ రెండూ వారం లోపు చూస్తే పోలిక బాగా తెలుస్తుంది.